చదరంగం నేర్చిన బ్యాండ్ మాస్టర్

బోయిగూడలో పెళ్లి బరాత్ తీస్తే ముందు దయాకర్ ఉండాల్సిందే. నలభై దాటిన మనిషి, గుండ్రటి పొట్ట, దట్టమైన మీసం. జరీ పట్టీలు కుట్టిన ఎర్ర కోటు తొడుక్కుని ట్రంపెట్ నోటికి ఆనించాడంటే ఊరేగింపులో నడవలేక నడుస్తున్న ముసలివాళ్లు కూడా రెండు స్టెప్పులు వేస్తారు. ఎక్కడ ఊపు పెంచాలో, అలిగి పక్కన నిలబడ్డ మేనమామను ఎట్లా మధ్యలోకి లాగాలో ఆయనకు బాగా తెలుసు. చుట్టూ మనుషులు, చప్పుడు ఉంటే తప్ప ఆయనకు పొద్దుపోదు. మా ఇల్లు వాళ్లింటికి రెండిళ్ల అవతల. వాళ్ల ఉప్మాలో ఉప్పు తగ్గిన రోజు మాకూ తెలిసిపోయేది.

అలాంటి మనిషి కూతురికి చదరంగం పిచ్చి పట్టింది.

పట్టించింది పాల్. దయాకర్ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయిన రోజుల్లో బ్యాండు షాపులో కూర్చుని చాయ్ తాగడం, వాద్యాలు తుడుచుకోవడం తప్ప వాళ్లకు పనేమీ ఉండదు. అట్లాంటి ఒక మూఢంలో పాల్ తన పాత చెస్ బోర్డు తెచ్చి పెద్ద డ్రమ్ము మీద పరిచాడు. ఎదురు కూర్చునేవాళ్లు ఎవరూ దొరకలేదు. స్కూలు నుంచి వచ్చి అక్కడే హోంవర్కు చేసుకునే ఇంద్రజను పిలిచి, ఏది ఎట్లా నడుస్తుందో నేర్పాడు. అప్పుడు ఆ పిల్లకు ఏడేళ్లు. మళ్లీ పెళ్లిళ్లు షురూ అయ్యేసరికి పాల్ బోర్డు మడిచేసి దయాకర్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇగ నాతోని గాదు. బిడ్డ దినాం ఓడగొడ్తున్నది. ఎవరన్న మంచి టీచర్ దగ్గర వెయ్యి," అన్నాడు.

దయాకర్ భార్య కల్పలత బేగంపేటలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ ఎవరో చెబితే కాప్రాలో శ్రీలేఖ అనే ఆమె పిల్లలకు చెస్ నేర్పుతుందని తెలిసింది. ఆదివారాలు ఇంద్రజను బండి మీద కూర్చోబెట్టుకుని అంత దూరం తీసుకుపోవడం, క్లాసు అయ్యేదాకా బయట తిరిగి, మళ్లీ తీసుకురావడం దయాకర్ పని అయింది. ముందు రోజు పెళ్లిలో ఎంత ఊది వచ్చినా సరే, ఆ పని మాత్రం మానలేదు.

అంతవరకూ బాగానే ఉంది. పోటీలకు పోవడం మొదలయ్యాకే చిక్కు వచ్చింది.

చెస్ పోటీల్లో తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. ఆట మొదలయ్యే ముందు రెండు ఫొటోలు తీసుకోనిచ్చి బయటికి పంపేస్తారు. మిగతా తల్లిదండ్రులు కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే దయాకర్ తలుపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాడు. ఆయనకు ఆట రాదు. కానీ బిడ్డ ఒక పావును తీసి పక్కన పెడితే మీసం కింద నవ్వు విచ్చుకునేది. అవతలివాళ్లు తీస్తే రెండు చేతులతో తల పట్టుకునేవాడు. ఇంద్రజ కావాలనే ఎర వేసి ఏనుగును వదిలిన రోజు కూడా ఆయన తల పట్టుకున్నాడు. అద్దం వైపు కూర్చున్న అవతలి పిల్లవాడు ఆ మొహాన్ని చూసి, నిబ్బరంగా ఉన్న ఇంద్రజ మొహాన్ని చూసి, ఇక్కడేదో ఉందనుకుని చాలాసేపు ఆలోచించాడట. చివరికి ఆ ఏనుగు జోలికి పోలేదు. ఇంద్రజ ఆ ఆట ఓడిపోయింది.

బయటికి రాగానే ప్రశ్నలు. "గెలిచినవా? ఎట్ల ఓడినవ్? గా పొట్టి పోరనితోనా? టైం ఎంత మిగిలె? మేడం నేర్పింది ఎయ్యలేదా?" పిల్ల నీళ్లు తాగేలోపు ఇవన్నీ అయిపోయేవి.

అయినా ఆ పిల్ల పట్టు వదల్లేదు. తొమ్మిదేళ్లప్పుడు సికింద్రాబాద్‌లోనే ఒక స్కూల్లో జరిగిన పోటీలో తన వయసు ఆడపిల్లల్లో మూడో స్థానం వచ్చింది. కప్పు ఇస్తారని మధ్యాహ్నమే తెలిసింది. దయాకర్ ఆ కబురు విని ఊరికే ఉండే మనిషి కాదు. ఫోన్ చేసి పాల్‌ను, ఇద్దరు డ్రమ్ములవాళ్లను, ఎర్ర కోట్లతో సహా రప్పించాడు. ఇంద్రజ కప్పు పట్టుకుని స్కూలు గేటు దాటిందో లేదో, బరాత్ పాట ఎత్తుకున్నారు. దారిన పోయేవాళ్లు ఆగారు. ఆటోలు ఆగాయి. స్కూలు వాచ్‌మన్ పరుగున వచ్చాడు, లోపల ఇంకా పెద్ద పిల్లల ఆటలు నడుస్తున్నాయని. ఆడపిల్లల్లో మొదటి స్థానం వచ్చిన పిల్ల తన తల్లి చెయ్యి పట్టుకుని ఇదంతా నోరు తెరుచుకుని చూస్తోంది. ఇంద్రజ మాత్రం కనబడలేదు. వెతికితే, ఆగి ఉన్న ఒక ఆటోలో సీటు కింద కప్పు దాచుకుని ముడుచుకుని కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చాక అన్నం కూడా తినకుండా చెప్పింది. "డాడీ, ఇగ నువ్వు రాకు. మమ్మీని పంపు."

"నేనేం జేసిన బిడ్డా?"

"నువ్వు అద్దంలకెల్లి చూస్తవ్. నేను మంచిగ ఆడుతున్ననో లేదో నీ మొహంల చూసుకుంట. నీకేమో ఆట రాదు. ఇద్దరం పరేషానైతున్నం."

ఆ రోజు వాళ్లింట్లోంచి ఏ చప్పుడూ వినబడకపోయేసరికి, ఏమైందోనని మా అమ్మ వెళ్లి తలుపు తట్టి చూసి వచ్చింది.

తర్వాతి పోటీకి కల్పలత వెళ్లింది. ఆమె తలుపు దగ్గరికి కూడా పోలేదు. సంచీలో తెచ్చుకున్న చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చెట్టు కింద కూర్చుంది. ఇంద్రజ ఒక ఆట ఓడి వస్తే పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలిచారు. తిరిగి వచ్చేటప్పుడు ఐస్‌క్రీం తిన్నారు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే దయాకర్ నమ్మలేదు.

"ఓడినవా గెలిచినవా అని అడగనే లేదా?"

"అడిగితే రిజల్ట్ మారుతదా? దానికి చెప్పబుద్ధైతే చెప్తది," అంది కల్పలత.

"నువ్వు జెర ఆట నేర్చుకుంటే మంచిగుంటది గద కల్పా."

"ఇంట్ల ఒక్కలన్న మామూలుగ ఉండాలె. నాకొద్దు. నువ్వే నేర్చుకో."

ఆమె మాట వరసకే అంది. దయాకర్ దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఆదివారం కాప్రాలో క్లాసు అయ్యాక బయటికి వచ్చిన శ్రీలేఖను ఆపి అడిగాడు. "మేడం, నా అసుంటోనికి ఈ ఆట వస్తదా?"

శ్రీలేఖ నవ్వింది. "ఎందుకు రాదండీ? కానీ నా దగ్గర పెద్దవాళ్ల క్లాసు లేదు. మీ అమ్మాయినే అడగండి. ఆమె కూడా ఇంకొకరికి నేర్పితే తన ఆట బాగుపడుతుంది. ఒక్క మాట, ఆమె నేర్పేటప్పుడు మీరు తండ్రి అనే సంగతి మరిచిపోవాలి."

అట్లా మా గల్లీలో కొత్త బడి మొదలైంది. మూఢం రోజులు. బ్యాండు షాపులో డ్రమ్ము మీద బోర్డు, ఒక పక్క దయాకర్, ఇంకో పక్క ఇంద్రజ. గుర్రం నడక ఆయనకు ఒక పట్టాన ఎక్కలేదు. చివరికి అదీ ఒక తాళమే అని ఇంద్రజ చెప్పింది. "దాం, దాం, పక్కకు తక" అని డ్రమ్ము మీద వేళ్లతో వాయించి చూపిస్తే అప్పుడు పట్టుకున్నాడు. పావు మీద చెయ్యి వేసి, "ఆగాగు, ఇది గాదు" అని ఇంకో పావు పట్టుకోబోతే ఇంద్రజ ఒప్పుకునేది కాదు. ముట్టుకున్నదాన్నే ఆడాలి. ఆయన అరిచేవాడు, బతిమాలేవాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. పాల్ క్లారినెట్ తుడుచుకుంటూ ముసిముసిగా నవ్వేవాడు.

దయాకర్ రోజూ ఓడిపోయాడు. కానీ ఒక సంగతి ఆయనకు కొత్తగా తోచింది. ఓడిన ప్రతిసారీ ఇంద్రజ పావులన్నీ వెనక్కి పెట్టి, "ఇక్కడ నువ్వు మంచిగ ఆలోచించినవ్ డాడీ. గిక్కడ తొందరపడ్డవ్," అని చెప్పేది. ముందు మంచిది, తర్వాత తప్పు. ఎవరు నేర్పారని అడిగితే శ్రీలేఖ మేడం అట్లాగే చెబుతుందంది.

కొన్ని నెలలకు బేగంపేటలో ఒక పోటీ పెట్టారు. వయసుతో పని లేదు, పిల్లలూ పెద్దలూ ఎవరైనా ఆడొచ్చు. ఇంద్రజ పేరు ఇస్తూ దయాకర్ తన పేరు కూడా ఇచ్చేశాడు. ఇంద్రజ మొదట భయపడింది.

"లోపల మాట్లాడొద్దు డాడీ. పాట సుత పాడొద్దు."

"మాట్లాడ బిడ్డా. నోరు కుట్టేసుకుంట."

మొదటి ఆటలో ఆయన ఎదురుగా రెండు జడలు వేసుకున్న ఒక చిన్న పాప కూర్చుంది. కాళ్లు నేలకు అందక ఊపుతోంది. చెయ్యి కలిపారు. గడియారం నొక్కారు. హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. అంతమంది మనుషులు ఒక్క చోట చేరి అంత నిశ్శబ్దంగా ఉండటం దయాకర్ తన జన్మలో చూడలేదు. ఫ్యాన్ తిరిగే చప్పుడు, గడియారాలు నొక్కే చప్పుడు, అంతే. షాపులో నేర్చినవన్నీ ఎటు పోయాయో తెలియదు. గుర్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచక తలెత్తి తలుపు వైపు చూశాడు. ఎవరైనా తెలిసిన మొహం కనబడితే బాగుండుననిపించింది. తలుపు అద్దం దగ్గర పాప తండ్రి నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే దయాకర్‌కు తాను ఓడిపోతున్నానని అర్థమైంది. పెద్దవాడిని, నాకే ఇట్లా ఉందే అనుకున్నాడట.

కాసేపటికి ఓడిపోయి బయటికి వచ్చాడు. ఇంద్రజ తన ఆట త్వరగా ముగించుకుని ముందే వచ్చేసింది. మెట్ల మీద హాలుకు వీపు పెట్టి కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. ఏమైందని అడగలేదు.

"ఆకలైతుందా డాడీ? సమోసా తిందామా?"

దయాకర్ తల ఊపాడు. సమోసా సగం తిన్నాక తనే చెప్పుకున్నాడు, ఆ పాప ఎట్లా ఆడింది, తన మంత్రిని ఎట్లా పోగొట్టుకున్నాడు అన్నీ. చెప్పుకున్నాక ప్రాణం తెరిపిన పడింది. ఆ పోటీ మొత్తంలో ఆయనకు ఒకే ఒక్క పాయింటు వచ్చింది, అదీ అవతలి మనిషి జ్వరం వచ్చి రాకపోవడం వల్ల. ఆ ఒక్క పాయింటు గురించి మా గల్లీలో వారం రోజులు చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఇంద్రజే ఆయన్ను మళ్లీ పోటీలకు రమ్మంది.

వెళ్లాడు కానీ, అద్దం దగ్గరికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి చేతులకు పని లేక గిలగిల్లాడాడు. అందుకని చుట్టి పెట్టుకునే బోర్డు ఒకటి సంచీలో తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా దొరికితే ఆడదామని. అట్లా ఒక రోజు కాప్రాలో చెరువు వైపు ఉన్న ఒక ఫంక్షన్ హాల్లో పోటీ జరుగుతుంటే జయకృష్ణ కనబడ్డాడు.

జయకృష్ణది రాజమండ్రి వైపు. మందుల వ్యాపారం మీద ఇక్కడికి వచ్చి కాప్రాలో స్థిరపడ్డాడు. నెమ్మదస్తుడు. కానీ కొడుకు సత్యదేవ్ ఒక ఆట ఓడి వస్తే ఆ నెమ్మది ఎటో పోయేది. ఆ రోజు పార్కింగులో కారు పక్కన కొడుకును నిలబెట్టి, "మళ్లీ అదే తప్పు చేశావా? ఎన్నిసార్లు చెప్పించానురా నీకు? అంత తొందరేంటి?" అంటున్నాడు. సత్యదేవ్‌కు పదకొండేళ్లుంటాయి. బూటు కొనతో మట్టి తవ్వుతూ నిలబడ్డాడు.

దయాకర్ చూసి ఊరుకోలేకపోయాడు. అట్లాగని పరాయి మనిషికి ఏం చెబుతాడు? అలిగిన మేనమామను బరాత్‌లోకి లాగినట్టే దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మీకు చెస్ వచ్చా?"

జయకృష్ణ తడబడ్డాడు. "ఎత్తులు తెలుసండీ. ఆడను."

"నాకు సుత అంతే. బాబుకు ఇంకో ఆట ఉంది గద, గదయ్యేదాక ఒక్క బాజీ ఏద్దాం రాండ్రి. నాకు తోడు దొరుకుతలేదు."

మొహమాటానికి జయకృష్ణ మెట్ల మీద కూర్చున్నాడు. సత్యదేవ్ సందు దొరికిందని హాల్లోకి తుర్రుమన్నాడు. మొదట్లో జయకృష్ణ ఒక చేత్తో ఫోన్ చూస్తూ ఇంకో చేత్తో ఆడాడు. తన ఒంటె ఒకటి పోయాక ఫోన్ జేబులో పెట్టాడు. మంత్రి మీదికి దయాకర్ గుర్రం వచ్చాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇద్దరూ బోర్డు మీదికి వంగిపోయారు. చాయ్ తెచ్చిన మనిషి రెండు గ్లాసులూ పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అవి చల్లారి మీగడ కట్టాయి.

లోపల ఆటలు ముగిసి పిల్లలు బయటికి వచ్చారు. ఇంద్రజ, సత్యదేవ్, ఇంకో నలుగురైదుగురు మెట్ల చుట్టూ చేరారు. బోర్డు చూసిన సత్యదేవ్ కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరవబోతే ఇంద్రజ వాడి చొక్కా పట్టి లాగి, వద్దన్నట్టు సైగ చేసింది. ఒక పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకడు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. తండ్రులిద్దరికీ ఇదేమీ తెలియదు. చివరికి జయకృష్ణ ఏనుగును తీసుకుపోయి ఆ చివర పెట్టి, ఊపిరి వదిలి, "చెక్‌మేట్ అండీ," అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. దయాకర్ చెయ్యి చాచాడు.

ఇక సత్యదేవ్ ఆగలేకపోయాడు. "నాన్నా, మీ రాజు ఎప్పటి నుంచో చెక్‌లో ఉన్నాడు."

ఇద్దరూ బోర్డు చూశారు. మూలన ఉన్న దయాకర్ ఒంటె ఏటవాలుగా నేరుగా జయకృష్ణ రాజు మీదికి చూస్తోంది. ఇచ్చినవాడికీ తెలియలేదు, పుచ్చుకున్నవాడికీ తెలియలేదు. పిల్లలందరూ ఒక్కసారి పకపకా నవ్వారు. దయాకర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. జయకృష్ణ కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూసి, ఆయనా నవ్వేశాడు.

"చూస్తూ ఎందుకు చెప్పలేదురా?"

"ఆడేవాళ్లకి చెప్పకూడదు నాన్నా. రూలు."

"మరి ఇంత కళ్లెదురుగా ఉన్నది నాకెందుకు కనబడలేదు?"

"మీరు గెలిచే ఎత్తే చూస్తున్నారు కదా. నాకూ అట్లాగే అవుతుంది," అన్నాడు సత్యదేవ్.

జయకృష్ణ బోర్డు చుట్టి దయాకర్ చేతికిచ్చాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి కారు వైపు నడిచాడు. తర్వాతి వారం దయాకర్‌కు చెప్పాడట, ఇంటికి వెళ్లే దారంతా వాడే మాట్లాడాడని, ఆ ఆటలో ఇద్దరూ చేసిన తప్పులు ఒక్కొక్కటీ చెప్పి నవ్వాడని. "కార్లో వాడు అంతసేపు మాట్లాడటం ఈ మధ్య ఎప్పుడూ వినలేదండీ. నేను మాట్లాడనిస్తే కదా," అన్నాడట.

అక్కణ్ణుంచి అది అలవాటైపోయింది. శ్రీలేఖ తన దగ్గరున్న పాత బోర్డులు ఇచ్చింది. పోటీ ఎక్కడ జరిగినా వరండాలో ఒక మూల దయాకర్ బల్లలు వేయిస్తాడు. ఆట వచ్చిన తల్లిదండ్రులు ఆడతారు, రానివాళ్లు నేర్చుకుంటారు, రెండూ వద్దనేవాళ్లు కల్పలతతో కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. అద్దం దగ్గరికి పోబోయే మనిషి కనబడితే దయాకర్ దూరం నుంచే పిలుస్తాడు. "అన్నా, ఇటు రా. ఆడ మనకు పని లేదు. ఈడ ఒకల్లు తక్కువున్నరు." పిల్లలు బయటికి వచ్చే వేళకు సమోసాలు తెప్పించి పెడతాడు. ఎవరైనా అలవాటు కొద్దీ "ఏమైంది, ఏమైంది" అంటూ లేవబోతే, "ముందు తిననియ్యి అక్కా," అని కూర్చోబెడతాడు. పెళ్లిళ్లలో వేలమందిని నడిపించిన మనిషికి ఇదొక లెక్క కాదు. గొంతు మాత్రం బాగా తగ్గించుకున్నాడు. ఆటలు నడిపించే ఆర్బిటర్లు మొదట్లో ఒకటి రెండు సార్లు బయటికి వచ్చి మందలించారు. ఇప్పుడు వాళ్లూ ఖాళీ దొరికితే వచ్చి నిలబడి చూస్తున్నారు.

పోయిన సంవత్సరం రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు పడ్డాయి. అదే రోజు పెద్ద ముహూర్తం. దయాకర్ పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు, తప్పదు. ఇంద్రజను కల్పలత తీసుకెళ్లింది. ఆ రోజు ఆయన ట్రంపెట్ ఊదుతూనే ఉన్నాడు, ఊది ఊది నీళ్లు తాగుతూనే ఉన్నాడు. పాల్ ఫోన్ చెయ్యమన్నా చెయ్యలేదు. "చెప్పబుద్ధైతే బిడ్డే చెప్తది," అన్నాడు. సాయంత్రం భోజనాల వేళ ఇంద్రజే ఫోన్ చేసింది. తాను ఓడిన ఒక ఆట గురించి చెప్పింది, తనతో ఆడిన వరంగల్ పిల్ల వేసిన ఎత్తు ఎంత బాగుందో, అది తనకు ఎందుకు తోచలేదో. దయాకర్ ప్లేటు చేతిలో పట్టుకుని విన్నాడు. మధ్యలో ఒకటి రెండు చోట్ల "గప్పుడు నీ గుర్రం ఎక్కడుండె?" అని అడిగాడు. అంతా అయ్యాక ఆ పిల్ల చివర్లో, "నాలుగో ప్లేస్ వచ్చింది డాడీ. ఇద్దర్నే తీస్కుంటరు," అంది.

"మంచిగాడినవ్ బిడ్డా. తిన్నవా?"

"ఇప్పుడే తిన్న. నువ్వు తిను."

దయాకర్ ఆ పూట రెండుసార్లు బిర్యానీ పెట్టించుకున్నాడని పాల్ చెప్పాడు.

ఇంద్రజ ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఛాంపియన్ అవుతుందా కాదా అని ఎవరైనా అడిగితే దయాకర్ భుజాలు ఎగరేస్తాడు. మా గల్లీ చిన్న పిల్లలు ముగ్గురు ఆ పిల్ల దగ్గర బ్యాండు షాపులోనే ఆట నేర్చుకుంటున్నారు.

మొన్న ఆదివారం నేనూ వాళ్లతో కాప్రా వెళ్లాను. ఆఖరి ఆట ముగించుకుని ఇంద్రజ సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. గెలిచిందో ఓడిందో ఆ మొహంలో నాకేమీ తెలియలేదు. వరండాలో దయాకర్, జయకృష్ణ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరికి రాజు కాక రెండు మూడు బంట్లు మిగిలి ఉన్నాయి. జయకృష్ణ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపటి నుంచి ఆలోచిస్తున్నాడు.

"పోదామా డాడీ?" అంది ఇంద్రజ.

దయాకర్ తలెత్తకుండానే అరచెయ్యి చూపించాడు. ఆ పిల్ల నా పక్కన వచ్చి కూర్చుని సమోసా అందుకుంది. ఇంతలో కల్పలత ఫోన్ చేసి ఎప్పుడు వస్తున్నారని అడిగింది.

"ఇంకో అరగంట పడతది మమ్మీ," అంది ఇంద్రజ నోట్లో సమోసాతోనే. "డాడీ ఆట అయిపోలే."